పరేల్: పరుగెత్తే దేహం నెమ్మదించే చోటు

పరేల్ రైల్వే స్టేషనులో ఉదయం తొమ్మిది గంటల వేళ లోకల్ ఆగినప్పుడు, దిగేవారి చేతుల వంక చూస్తే చాలు, ఎవరు ఎటు వెళతారో చెప్పవచ్చును. భుజానికి నల్లని సంచీ తగిలించుకొని గబగబ మెట్లెక్కేవారు ఒకప్పటి నూలు మిల్లుల స్థలాలలో లేచిన అద్దాల మేడలకు పోయే ఉద్యోగులు. పొడవాటి ప్లాస్టిక్ కవరులో ఎక్స్‌రే ఫిల్ములు, పరీక్షల కాగితాలు పట్టుకొని, వంతెన మీద ఒకటికి రెండుసార్లు దారి అడిగేవారు ఆసుపత్రులకు పోయే రోగులు. మొదటివారు పరేల్‌కు రోజూ వస్తారు కాని దానిని చూడరు. రెండవవారు ఒక్కసారి వచ్చినా మరువరు.

కాలినడకన పావుగంట దూరంలో ఇన్ని పెద్ద ఆసుపత్రులు ఒకదాని కొకటి ఆనుకొని ఉన్న పేట మన దేశంలో అరుదు. ఒకనాడు బొంబాయి గవర్నర్లు నివసించిన భవనంలోకి 1899లో హాఫ్‌కిన్ ప్లేగు ప్రయోగశాల వచ్చి చేరింది. నేటికీ అది ఆయన పేరనే నడుస్తున్నది. తమ ధనంతో నడిచే కళాశాలలో భారతీయులే బోధించాలని దాతలు పట్టుబట్టగా, కె.ఇ.ఎం. ఆసుపత్రి 1926లో తలుపులు తెరిచింది. టాటా స్మారక ఆసుపత్రి 1941లో వెలసింది. వీటి చుట్టూ పొగగొట్టాలు. పరేల్, లాల్‌బాగ్, వర్లీ, ప్రభాదేవి పేటలన్నీ కలిపి మరాఠీవారు ‘గిరణ్‌గావ్’ అన్నారు. మిల్లుల ఊరు అని అర్థం.

ఆ మిల్లుల ఊరిలో తెలుగు వినిపించేది. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి మగ్గాలు వదలి వచ్చిన పద్మశాలీలు తరాల తరబడి ఇక్కడి సాంచాల మీద బట్ట నేశారు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పనిలోకి పోలేదు. వారిలో అనేకులు మరి ఎన్నడూ పోలేకపోయారు. కొందరు స్వగ్రామాలకు తిరిగిపోయారు. కొందరు భివండీలోని మరమగ్గాలకు వెళ్లారు. మిగిలినవారి బిడ్డలు ఇప్పుడు ఆ స్థలాలలోనే లేచిన దుకాణ సముదాయాల ముందు కాపలా కాస్తున్నారు.

అటువంటి ఒక కాపలాదారు భార్య కథ ఇది. పేరుతో ఇక్కడ పని లేదు. వయస్సు 36 సంవత్సరాలు. వర్లీలోని ఒక చాళ్‌లో, 160 చదరపు అడుగుల గదిలో, భర్త, అత్త, నాలుగేళ్ల కొడుకుతో కాపురం. తండ్రి మిల్లు కార్మికుడు. ఆమె కుట్టుపని చేస్తుంది. రవికెలు కుట్టడంలో ఆమె చేతికి ఆ నాలుగు చాళ్లలో సాటి లేదని పేరు.

జబ్బు మొదట ఆ చేతిలోనే కనిపించింది. సూదిలో దారం ఎక్కలేదు. దీపం కిందికి జరిగి, దారాన్ని తడిచేసి, ఊపిరి బిగపట్టి ప్రయత్నించినా కొస అటూ ఇటూ వణికింది. కళ్లజోడు కావాలేమో అనుకున్నది. తరువాత తన రవికెలు తనకే వదులయ్యాయి. ఆరు నెలలలో మూడుసార్లు పక్కకుట్లు బిగించుకొన్నది. తిండి తగ్గి కాదు. రాత్రి అందరూ తిన్నాక కూడా గిన్నెలో మిగిలిన అన్నం తినేది. డిసెంబరులో ముంబయివారు శాలువాలు తీసే నాలుగు రోజులలో కూడా ఆమె చాప వరండాలోకి లాక్కొని పడుకొన్నది. కూర్చున్నచోటనే గుండె దడదడలాడేది. చిన్న మాటకు కోపం, కోపం తరువాత ఏడుపు. అత్త ముందు దిష్టి తీసింది, తరువాత క్షయ అని భయపడింది. ఇరుకు గదులలో బతికేవారికి బరువు తగ్గడం అంటే మొదట తోచే జబ్బు అదే. కఫం పరీక్షలో ఏమీ లేదు. చివరికి మునిసిపల్ దవాఖానాలో ఒక యువ వైద్యురాలు ఆమె నాడి పట్టుకొని, నిమిషానికి 120 సార్లు కొట్టుకోవడం చూచి, రెండు చేతులూ చాపమన్నది. చాపిన వేళ్ల మీద ఒక కాగితం పరచింది. కాగితం గాలిలో ఆకువలె అదిరింది. “నీళ్లు మింగు” అని, మెడ వంక చూచింది. అంతలో తెలిసిపోయింది. రక్తపరీక్ష దానిని ధ్రువపరచడానికే.

మెడకు ముందువైపు, గొంతుముడికి కాస్త దిగువన, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లు ఉండే గ్రంథి ఇది. మన పాఠ్యపుస్తకాలు దీనిని ‘అవటు గ్రంథి’ అన్నాయి. ఆ మాట పరీక్షలు దాటి వీధిలోకి రాలేదు. జనం థైరాయిడ్ అనే అంటారు. అంతేకాదు, “ఆమెకు థైరాయిడ్ వచ్చింది” అని కూడా అంటారు, అది పుట్టుకతోనే అందరికీ ఉండేది కానట్లు. దీని పని దేహపు వేగాన్ని నిర్ణయించడం. రక్తంలోని అయోడిన్‌ను పట్టి, దానితో హార్మోనులు తయారుచేసి వదులుతుంది. గుండె ఎంత త్వరగా కొట్టుకోవాలి, తిన్నది ఎంత త్వరగా ఖర్చు కావాలి, పేగులు ఎంత చురుకుగా కదలాలి అన్నది వాటి మీద ఆధారపడుతుంది. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి “ఇంక చేయి”, “ఇంక చాలు” అన్న ఆజ్ఞలు టి.ఎస్.హెచ్. రూపంలో దీనికి అందుతుంటాయి.

ఆమె జబ్బులో దొంగ ఆజ్ఞలు పుట్టాయి. దేహపు రక్షణ వ్యవస్థ పొరపాటున తయారుచేసే కొన్ని ప్రతిరక్షకాలు టి.ఎస్.హెచ్. వేషంలో వచ్చి గ్రంథిని రాత్రింబవళ్లు పనిచేయిస్తాయి. అసలు అధికారి నోరు మూసుకొన్నా కర్మాగారం ఆగదు. అందుకే ఈ రోగుల రక్తంలో హార్మోను ఎక్కువగా, టి.ఎస్.హెచ్. దాదాపు శూన్యంగా కనిపిస్తాయి. డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లో దీనిని వర్ణించాడు. 1840లో జర్మనీలోని మెర్సెబుర్గ్ పట్టణంలో బాసెడోవ్ అనే వైద్యుడు ఉబ్బిన మెడ, ముందుకు వచ్చిన కళ్లు, దడదడలాడే గుండె ఈ మూడూ కలిసి వస్తాయని చెప్పాడు. లోకం ఎక్కువగా మొదటివాని పేరే నిలుపుకొన్నది. కొంచెం ఇంగ్లీషు చదివినవారికి ‘గ్రేవ్స్’ అన్న మాట చీటీ మీద కనిపించగానే సమాధులు గుర్తుకు వచ్చి గుండె గుభేలుమంటుంది. అది ఒక మనిషి ఇంటిపేరు మాత్రమేనని ముందే చెప్పే వైద్యుడు సగం మందు ఇచ్చినట్లే.

మందు అంటే మొదట మాత్రలే. వణుకునూ దడనూ తగ్గించడానికి ప్రొప్రనొలాల్, గ్రంథి ఉత్పత్తిని అణచడానికి కార్బిమజోల్. నెల తిరిగేసరికి సూదిలోకి దారం ఎక్కింది. అయితే కార్బిమజోల్‌తోపాటు ఒక హెచ్చరిక కూడా ఇచ్చారు. జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే ఆనాడే మాత్ర ఆపి రక్తపరీక్షకు రావాలి. చాలా కొద్దిమందిలోనే అయినా, ఆ మందు తెల్లకణాలను ప్రమాదకరంగా తగ్గించగలదు. ముంబయి వానాకాలంలో గొంతునొప్పి రాని ఇల్లు ఏది? ఒకే శ్రావణంలో ఆమె రెండుసార్లు ఆసుపత్రికి పరుగెత్తింది. రెండుసార్లూ మామూలు పడిశమే. ఏడాదిన్నర మాత్రలు వాడి ఆపిన తరువాత, ఈ రోగులలో దాదాపు సగం మందికి జరిగినట్లే, జబ్బు తిరిగి వచ్చింది. దారం కొస మళ్లీ వణికింది.

అప్పుడు డాక్టరు మూడు దారులు ముందుంచాడు. మళ్లీ మాత్రలు. లేదా శస్త్రచికిత్స, దీనిని సురక్షితంగా చేయడం లోకానికి నేర్పిన స్విట్జర్లాండ్ వైద్యుడు కోకర్‌కు 1909లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇప్పటికీ స్వరనాడికి, పక్కనున్న చిన్న గ్రంథులకు దెబ్బ తగలకుండా చూడటంలోనే దాని నేర్పంతా ఉన్నది. మూడవది ఒక చిన్న గిన్నెడు ద్రవం తాగడం, లేదా ఒక గొట్టం మాత్ర మింగడం. అందులో రేడియోధార్మిక అయోడిన్ ఉంటుంది.

పరేల్‌కు పొమ్మన్నారు అనగానే చాళ్ మారు మాట లేకుండా ఒక నిర్ణయానికి వచ్చింది. ఆ పేటలో చికిత్స, అదీ రేడియేషన్ అంటే, జనం నోట కేన్సరే. పక్కింటావిడ కొబ్బరికాయ మొక్కుకొన్నది. అది కేన్సరు కాదని ఆమె ఎందరికో చెప్పింది. నమ్మినవారు తక్కువ. తెలుగులో ‘రేడియోధార్మిక’ అన్న మాటను ఎవరు కూర్చారో గాని అందులో ధర్మం కూడా వచ్చి చేరింది. ఈ అయోడిన్ విషయంలో అది పూర్తిగా అసందర్భం కూడా కాదు.

ఆ మందు పుట్టినిల్లు నగరపు తూర్పు అంచున, ట్రాంబే కొండల పక్కన ఉన్నది. 1956 ఆగస్టు 4న ఆసియాలో మొదటి అణు రియాక్టరు ‘అప్సర’ అక్కడనే పని మొదలుపెట్టింది. ఇప్పుడు 1985 నాటి ‘ధ్రువ’ రియాక్టరులో టెల్లూరియం అనే మూలకాన్ని ఉంచి న్యూట్రానుల తాకిడికి గురిచేస్తారు. అందులో కొంత అయోడిన్-131గా మారుతుంది. దానిని వేరుచేసి, శుద్ధిచేసి, సీసపు డబ్బాలలో ఆసుపత్రులకు పంపుతారు. దీనిని కొట్టులో నిలవ చేయడం కుదరదు. ఎనిమిది రోజులకు సగం, మరి ఎనిమిది రోజులకు అందులో సగం తరిగిపోతుంది. పాలవాడి సరకువలె ఎప్పటికప్పుడు తాజాగా రావలసిందే. 1941లో బోస్టన్ నగరంలో సాల్ హెర్ట్జ్ అనే వైద్యుడు ఇటువంటి రోగికి మొదటిసారి రేడియో అయోడిన్ ఇచ్చాడు. మన దేశంలో ఈ విద్యకు ఒక నెలవుగా 1963లో స్థాపించిన రేడియేషన్ మెడిసిన్ సెంటరు పరేల్‌లోనే, టాటా ఆసుపత్రి అనుబంధ భవనంలో ఉన్నది. ఇప్పుడు హైదరాబాదుతో సహా పలు నగరాలలో అణువైద్య విభాగాలు పనిచేస్తున్నాయి.

ఉపాయం చాలా సులభమైనది. ఉప్పులో వచ్చిన అయోడిన్‌కూ, రియాక్టరులో పుట్టిన అయోడిన్‌కూ తేడా గ్రంథికి తెలియదు. ఆత్రంగా పట్టుకొని దాచుకొంటుంది. దాచుకొన్నది లోపల నుంచి కిరణాలు వెదజల్లుతుంది. అందులోని బీటా కణాలు రెండు మిల్లీమీటర్లకు మించి పోలేవు. కనుక కాలేది ఆ గ్రంథి కణాలే. దాని అత్యాశే దానికి మందు. (అయోడిన్ ఎక్కువ తక్కువల కథలో మరొక తెలుగు ముడి ఉన్నది. హిమాలయాల కింది కాంగ్డా లోయలో అయోడిన్ లేమి వల్ల వచ్చే గాయిటరు మీద 1956 నుంచి జరిగిన ఉప్పు ప్రయోగానికి నాయకత్వం వహించినవారిలో ముఖ్యులు శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నంలో వైద్యం చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. నేడు మన వంటింట్లో ఉన్న అయోడిన్ ఉప్పు వెనుక ఆ లోయ ఉన్నది.)

అణువైద్య విభాగంలో నర్సు అడిగిన ప్రశ్నలు వరుసగా ఉన్నాయి. గర్భం లేదు కదా? పరీక్ష చేశారు. బిడ్డ పాలు తాగడం లేదు కదా? మానేసి రెండేళ్లయింది. ఆరు నెలల దాకా గర్భం ధరించకూడదు, తెలుసు కదా? తెలుసు. కార్బిమజోల్ ఎప్పుడు ఆపారు? అయిదు రోజులైంది. తరువాతి ప్రశ్న దగ్గర ఆమె ఆగిపోయింది.

“ఇంట్లో ఎన్ని గదులు?”

మందు తాగిన మనిషి మెడ నుంచి కొన్నాళ్లపాటు కొద్దిపాటి గామా కిరణాలు బయటకు వస్తాయి. పెద్దవారికి అది లెక్కలోనిది కాదు. కాని పసిపిల్లలను, గర్భిణులను దగ్గరకు తీసుకోరాదు. విడిగా పడుకోవాలి. మోతాదును బట్టి ఇది కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల దాకా ఉంటుంది. ఆమెకు చెప్పినది పద్నాలుగు రోజులు. ముద్రించి ఇచ్చిన కాగితంలో “ప్రత్యేక గది”, “ప్రత్యేక మరుగుదొడ్డి” అని ఉన్నది. ఆ కాగితం రాసినవారు ఏ నగరాన్ని మనసులో పెట్టుకొని రాశారో గాని, అది చాళ్ కాదు. గదికి మధ్య తెర కడితే కొడుకుకూ ఆమెకూ నడుమ అయిదడుగులు. మరుగుదొడ్డి అంతస్తు చివర, పన్నెండు కుటుంబాలకు కలిపి.

వారం గడువు అడిగి ఇంటికి వచ్చింది. ఆ రాత్రి లెక్కలు జరిగాయి. భివండీలో మరమగ్గం నడిపే అన్న ఉన్నాడు. పిల్లవాడు మేనమామ ఇంటికి పోవాలి.

“పోరడు నిన్ను విడిచి ఒక్క రాత్రి పండలె. పద్నాలుగు రోజులు ఎట్లుంటడు?” అన్నది అత్త.

“వాడు ఉంటడు అత్తమ్మా. నేనే ఉంటనో లేదో.”

భర్త రాత్రి కాపలాకు మారి, పగలు వరండాలో పడుకొంటానన్నాడు. అత్త గుమ్మం దగ్గర, ఆమె కిటికీ కింద. మరుగుదొడ్డికి ఒక మనిషి రెండు బకెట్ల నీళ్లు పోస్తే చాలునని నర్సు విడమరచి చెప్పింది. గ్రంథికి చిక్కని అయోడిన్ మొదటి రెండు రోజులలోనే ఎక్కువగా మూత్రంలో పోతుంది. అందుకే నీళ్లు బాగా తాగాలి. కొళాయి తెల్లవారుజామున గంటసేపు మాత్రమే వచ్చే చోట బకెట్ల లెక్క చిన్న విషయం కాదు. పక్కింటివారు తమ వంతు నుంచి రోజుకు రెండు బిందెలు ఇస్తామన్నారు. కొబ్బరికాయ మొక్కుకొన్నది ఆవిడే.

మందు తాగడం అరనిమిషం పని. సీసపు గోడ వెనుక చిన్న సీసా, దానిలో గొట్టం, రుచి లేని నీళ్లు. అంతకంటే కష్టం ఇంటికి రావడమే. బస్సులో జనం మధ్య కూర్చోవద్దన్నారు కనుక టాక్సీ పిలిచారు. డ్రైవరుకు దూరంగా వెనుక సీటులో ఎడమ మూలకు జరిగి కూర్చున్నది. దూరం మూడు నాలుగు కిలోమీటర్లే. దారిలో తండ్రి పనిచేసిన మిల్లు స్థలం వచ్చింది. అక్కడ ఇప్పుడు ఎత్తు తెలియని మేడ, కింద కాఫీ దుకాణం.

పద్నాలుగు రోజులు ఎట్లా గడిచాయంటే చెప్పడానికి ఎక్కువ లేదు. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉన్నది. మెడ రెండు రోజులు కాస్త సలిపింది. గుండె దడ తగ్గలేదు సరికదా, మొదటి వారంలో కొంత ఎక్కువైనట్లు కూడా తోచింది. దెబ్బతిన్న కణాలు దాచుకొన్న హార్మోనును ఒక్కసారిగా వదలడం వల్ల అట్లా జరగవచ్చునని ముందే చెప్పారు, ప్రొప్రనొలాల్ కొనసాగించారు. ఒక విశ్రాంత మిల్లు కార్మికుడు, ఆమె తండ్రి స్నేహితుడు, సాయంకాలం వరండాలో కుర్చీ వేసుకొని దూరం నుంచి మాట్లాడేవాడు.

“మిల్లుల సాంచె జోరెక్కువైతే బట్ట ఎక్కువ దిగదు బిడ్డా, పోగు తెగుతది. ఆపి, సదిరి, మల్ల నడిపియ్యాలె” అన్నాడు ఒకనాడు.

“మల్ల నడవకుంటే తాతా?”

ఆయన జవాబు చెప్పలేదు. 1982 తరువాత నడవని సాంచాలు ఆయనకు బాగా తెలుసు.

రాత్రులు భివండీ నుంచి ఫోను. మేనమామ పిల్లలెవరో చెప్పగా విన్న కొడుకు ఆరవ రోజున అడిగాడు: “అమ్మా, చీకట్ల నీ మెడ లైటు లెక్క మెరుస్తదా?” ఆమె లేచి దీపం ఆర్పి, ఫోను మెడ ముందు పెట్టుకొన్నది. అద్దంలో అంతా నలుపే. “నువ్వే కనిపిస్తలేవు” అని వాడు పగలబడి నవ్వాడు. దీపం వెలిగించడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది.

పదిహేనవ రోజున పిల్లవాడు వచ్చాడు. వచ్చి, తల్లి దగ్గరకు పోకుండా నాయనమ్మ కొంగు పట్టుకొని నిలబడ్డాడు. ఇంకా కూడదేమోనని వాడి భయం. తల్లి చేతులు చాపింది. అవి అప్పటికి ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

వణుకు పోవడానికి రెండు నెలలు పట్టింది. నాడి 120 నుంచి 80కి దిగింది. రవికెల పక్కకుట్లు విప్పుకోవలసి వచ్చింది. అందరూ జబ్బు నయమైందన్నారు. నాలుగవ నెలలో దేహం మరొకవైపు ఒరిగింది. పగలు నిద్ర, మలబద్ధకం, ముఖంలో నీరు, వానాకాలంలో చలి. టి.ఎస్.హెచ్. శూన్యం నుంచి ఎక్కడికో ఎక్కింది. కాలిపోయిన గ్రంథి ఇప్పుడు చాలినంత హార్మోను చేయలేకపోతున్నది. ఇది చికిత్సలో జరిగిన పొరపాటు కాదు. అయోడిన్ తీసుకొన్నవారిలో ఎక్కువమందికి ఏడాది లోపల ఇదే జరుగుతుంది. చాలాచోట్ల వైద్యులు ఇదే కోరి తగిన మోతాదు ఇస్తారు. ఎందుకంటే, అదుపు తప్పిన గ్రంథికి మందు వేయడం కంటే, లేని హార్మోనును మాత్రగా ఇవ్వడం తేలిక. ఈ సంగతి ఆమెకు ముందే చెప్పారు. అయినా ఆనాడు చీటీ మీద థైరాక్సిన్ అని, కింద ‘జీవితాంతం’ అని చూచినప్పుడు ఆమె భర్తను నిలదీసింది: “ఒక జబ్బు ఇచ్చి ఇంకో జబ్బు తెచ్చుకున్నమా?” ఇటువంటి బేరంలో లాభం పుస్తకాలలో స్పష్టంగా కనిపిస్తుంది. మనిషికి మాత్రం కొన్ని నెలలు గడిస్తే గాని కనిపించదు.

కళ్లు కొంచెం ముందుకు వచ్చినవి అలాగే ఉన్నాయి. పొగ వాటికి హాని అని డాక్టరు చెప్పినప్పటి నుంచి భర్త బీడీ చాళ్ గేటు దాటి కాలుస్తున్నాడు. మానలేదు. ఆరు వారాలకొకసారి రక్తపరీక్ష, మాత్ర మోతాదు రెండుసార్లు మారింది, మూడవసారి నిలిచింది. దసరాకు ఆమెకు పదకొండు రవికెల పని వచ్చింది.

మాత్ర పరగడుపున వేసుకోవాలి. తరువాత అరగంట, కుదిరితే గంటసేపు టీ తాగకూడదు. తెల్లవారుజామున కొళాయి వచ్చే ముందు లేచి, గుక్కెడు నీళ్లతో మాత్ర మింగి, బిందెలు తీసుకొని వరుసలో నిలబడుతుంది. పక్కింటావిడకు బాకీ పడిన బిందెలు ముందు నింపుతుంది, తరువాత తనవి. అవి నిండేసరికి టీ పెట్టే వేళ అవుతుంది.